హెపటైటిస్-సి: జన్యు పరీక్ష అవసరం తీరింది, అసలు పరీక్షే ఇంకా అందలేదు

2009 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన పత్రం కాలేయ వైద్యరంగంలో పెద్ద ఆశ రేపింది. హెపటైటిస్-సి వైరస్ సోకినవారిలో ఎవరికి చికిత్స ఫలిస్తుంది, ఎవరికి ఫలించదు అనే సంగతిని, మొదటి సూది వేయకముందే, రోగి జన్యువుల్లోని ఒకే ఒక్క అక్షరాన్ని చూసి చాలావరకు అంచనా వేయవచ్చునని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అందులో చూపించారు. ఏడాది తిరిగేసరికి ఆ పరీక్ష అమెరికా ప్రయోగశాలల్లో వాణిజ్యపరంగా అందుబాటులోకి వచ్చింది. మరో ఐదారేళ్లకు దాని అవసరం దాదాపుగా తీరిపోయింది.

పరీక్ష తప్పని ఎవరూ తేల్చలేదు. ఆ అక్షరం అప్పుడు చెప్పిన మాటనే నేటికీ చెబుతోంది. మారింది మందు. ఎవరి జన్యువులను బట్టి వారికి వైద్యం అనే మాట విధానపత్రాల నుంచి వాణిజ్య ప్రకటనల దాకా వినిపిస్తున్న ఈ రోజుల్లో, పట్టుమని పదేళ్లు కూడా సాగని ఈ పరీక్ష కథను ఒకసారి వెనుదిరిగి చూడవలసిన అవసరం ఉంది. ముఖ్యంగా భారత్‌కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ఈ దేశంలో దాదాపు 55 లక్షల మంది హెపటైటిస్-సితో జీవిస్తున్నారు. భారత్‌తో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతంలో ఈ వైరస్ ఉన్న ప్రతి 100 మందిలో ఆ సంగతి నిర్ధారణ అయినది 26 మందికే. చికిత్స అందినది 14 మందికే. ఇది మూడు నెలల మాత్రలతో నయమయ్యే జబ్బు.

ఏడాదికి కొంచెం తక్కువ కాలం, వారం వారం సూది

హెపటైటిస్-సి వైరస్‌ను శాస్త్రవేత్తలు గుర్తించింది 1989లో. అంతకుముందు దానికి పేరు కూడా లేదు. ఏ రకమూ కాదు, బి రకమూ కాదు అని మాత్రమే పిలిచేవారు. ఈ వైరస్ ఆవిష్కరణకు హార్వీ ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది. రక్తం ద్వారా వ్యాపించే ఈ వైరస్ సోకినవారిలో సుమారు మూడో వంతు మందికి ఆరు నెలల్లోగా దానంతట అదే పోతుంది. మిగిలినవారిలో తిష్ఠ వేస్తుంది. అలా మిగిలిపోయినవారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ వచ్చే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాలేయ క్యాన్సర్ ఆ తర్వాతి మెట్టు.

2010 దాకా దీనికి ప్రామాణిక చికిత్స రెండు మందుల కలయిక: వారానికొకసారి పెగ్ ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రిబావిరిన్ మాత్రలు. వైరస్ ఒకటో రకానికి చెందినదైతే 48 వారాలు, రెండు, మూడు రకాలకు చెందినదైతే 24 వారాలు వాడాలి. సూది వేసిన ప్రతిసారీ ఫ్లూ జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా నొప్పులు. రిబావిరిన్ వల్ల రక్తహీనత. కొందరిలో మానసిక కుంగుబాటు ఎంత తీవ్రంగా ఉండేదంటే చికిత్సను మధ్యలోనే ఆపవలసి వచ్చేది. ఇంత బాధ పడినా ఒకటో రకం వైరస్ ఉన్నవారిలో సగం మందికి అటూ ఇటూగానే నయమయ్యేది. ఖర్చు లక్షల్లో ఉండేది. 2005లో పేటెంట్ చట్టాన్ని సవరించిన తర్వాత భారత్‌లో తొలి ఉత్పత్తి పేటెంట్ పొందిన మందు పెగ్ ఇంటర్‌ఫెరాన్లలో ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. 2006లో ఇచ్చిన ఆ పేటెంట్‌ను ముంబయికి చెందిన సంకల్ప్ పునరావాస ట్రస్టు సవాలు చేయగా, 2012 నవంబరులో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు రద్దు చేసింది.

ఇంత ఖర్చూ, ఇంత కష్టమూ ఉన్న చికిత్స నాణెం ఎగరవేసినట్టు ఉంటే, ముందే ఫలితం తెలుసుకోవాలన్న కోరిక వైద్యులకూ రోగులకూ కలగడం సహజం. జన్యు పరీక్ష పుట్టింది ఆ కోరికలోంచే.

ఒక అక్షరం తేడా

అమెరికాలో మరో ప్రశ్న కూడా చాలాకాలంగా వేధిస్తూ వచ్చింది. ఒకే చికిత్స, ఒకే మోతాదు. అయినా ఆఫ్రికన్ అమెరికన్ రోగులకు నయమయ్యే అవకాశం తెల్లజాతి రోగులతో పోలిస్తే చాలా తక్కువ. 2006లో ప్రచురితమైన 'విరాహెప్-సి' అధ్యయనంలో తెల్లజాతివారిలో 52 శాతం మందికి నయమైతే, ఆఫ్రికన్ అమెరికన్లలో 28 శాతం మందికే నయమైంది. ఇటువంటి తేడా కనిపించినప్పుడు తొలి అనుమానం రోగి మీదికే పోతుంది. మందు సరిగా వాడి ఉండరని, మధ్యలో మానేసి ఉంటారని అనుకుంటారు. వాడిన మందు మోతాదును లెక్కలోకి తీసుకున్నా, జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరిగిపోలేదని ఆ అధ్యయనమే స్పష్టం చేసింది. కారణం మాత్రం చెప్పలేకపోయింది.

మూడేళ్ల తర్వాత డ్యూక్ శాస్త్రవేత్తలు 1,100 మందికి పైగా రోగుల జన్యుపటాలను గాలించారు. ఒక ఔషధ సంస్థ తన ఇంటర్‌ఫెరాన్ మందు కోసం నిర్వహించిన పెద్ద ప్రయోగంలో పాల్గొన్నవారు వీరు. 19వ క్రోమోజోముపై, ఐఎల్28బి అనే జన్యువుకు సమీపంలో ఒక చోట వారి అన్వేషణ ఆగింది. అక్కడ కొందరికి 'సీ' అక్షరం, కొందరికి 'టీ' అక్షరం ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కాబట్టి మనిషికి రెండక్షరాలు. రెండూ 'సీ' అయినవారికి చికిత్స ఫలించే అవకాశం, రెండూ 'టీ' అయినవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. అదే ఏడాది జపాన్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఇదే చోటికి చేరుకున్నారు. ఇంకొక బృందం మందు లేకుండానే వైరస్‌ను వదిలించుకున్నవారిని పరిశీలించి, వారిలోనూ 'సీ' అక్షరమే ఎక్కువగా ఉందని చూపింది. నాలుగు బృందాలు, వేర్వేరు జనాభాలు, ఒకటే చిరునామా. జన్యుశాస్త్రంలో ఇంత సూటిగా తేలే సంగతులు అరుదు.

ఈ అక్షరం అన్ని జాతుల్లోనూ ఒకే పాళ్లలో లేదు. తూర్పు ఆసియా వారిలో 'సీ' దాదాపు అందరికీ ఉంటుంది. ఐరోపా మూలాలున్నవారిలో మధ్యస్థంగా, ఆఫ్రికా మూలాలున్నవారిలో తక్కువగా ఉంటుంది. తెల్లజాతి, ఆఫ్రికన్ అమెరికన్ రోగుల ఫలితాల మధ్య తేడాలో సుమారు సగాన్ని ఈ ఒక్క అక్షరమే వివరించింది. మిగతా సగం వివరణ లేకుండానే మిగిలింది. ఆ పత్రంలో అంతగా ప్రచారానికి నోచుకోని అంకెలు రెండున్నాయి. రెండు 'సీ'లు ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లలో 53 శాతం మందికి నయమైంది. రెండు 'టీ'లు ఉన్న ఐరోపా మూలాల వారిలో 33 శాతం మందికే నయమైంది. అంటే రోగి చర్మం రంగు చూసి ఫలితం ఊహించిన వైద్యుడు, ఆ రోగి విషయంలో తలకిందులుగా పొరబడి ఉండవచ్చు. జాతి అనే చీటీ వెనుక ఉన్న అసలు మనిషిని చూడమని చెప్పిన పరిశోధన ఇది. వార్తల్లో మాత్రం 'జాతి జన్యువు' దొరికిందన్నట్టుగానే ఎక్కువగా వినిపించింది.

2013లో మరో మలుపు. ఆ 'సీ', 'టీ' అక్షరాలు నిజానికి పక్కనే ఉన్న ఇంకొక మార్పుకు గుర్తులు మాత్రమేనని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ మార్పు ఉన్నవారి శరీరం ఐఎఫ్ఎన్ఎల్4 అనే ఇంటర్‌ఫెరాన్‌ను తయారు చేసుకుంటుంది. లేనివారు తయారు చేసుకోలేరు. విచిత్రమేమిటంటే వైరస్‌పై పోరాడవలసిన ఆ ప్రొటీన్ తయారయ్యేవారికే వైరస్ వదలడం కష్టమవుతోంది. శరీరం ముందునుంచే సగం అప్రమత్తంగా ఉండి అలసిపోవడం వల్ల, బయటి నుంచి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించలేదన్నది ఒక వివరణ. శాస్త్రదృష్టితో చూస్తే ఈ కథలో అత్యంత ఆసక్తికరమైన అధ్యాయం ఇదే. వైద్యదృష్టితో చూస్తే అప్పటికే ఆలస్యమైంది.

ముందే తెలిసినా చేసేదేమిటి?

పరీక్ష ఉన్న రోజుల్లోనూ దానితో ఒక చిక్కు ఉండేది. రెండు 'టీ'లు ఉన్నాయని తేలిన రోగికి వైద్యుడు ఏం చెప్పాలి? నయమయ్యే అవకాశం మూడింట ఒక వంతే ఉందని చెప్పవచ్చు. వేరే మందు ఇస్తానని చెప్పలేడు, ఎందుకంటే వేరే మందు లేదు. అమెరికా కాలేయ వ్యాధుల అధ్యయన సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రోగికో వైద్యుడికో అదనపు సమాచారం కావాలనుకుంటే ఈ పరీక్ష చేయించవచ్చునని అన్నాయే తప్ప, దాన్ని బట్టి చికిత్స నిరాకరించాలని అనలేదు. ఆ జాగ్రత్త మెచ్చదగినది. ఫలితం అనుకూలంగా వచ్చినవారికి ధైర్యం దక్కింది, ప్రతికూలంగా వచ్చినవారికి దిగులు దక్కింది. ఇద్దరికీ దక్కిన మందు ఒక్కటే.

భారత్‌లో దీని ఉపయోగం ఇంకా తక్కువ. ఈ పరీక్ష బలమంతా ఒకటో రకం వైరస్ విషయంలోనే కనిపించింది. భారత్‌లో ఎక్కువగా ఉన్నది మూడో రకం. దానికి ఇంటర్‌ఫెరాన్ చికిత్స మొదటినుంచీ కొంత మెరుగ్గానే పనిచేసేది, రోగి జన్యువు ప్రభావం అక్కడ అంత స్పష్టంగా లేదు. పైగా దక్షిణాసియా జనాభాలో అనుకూలమైన 'సీ' అక్షరమే అధికం. మరో దేశపు రోగుల కోసం, మరో రకం వైరస్ కోసం రూపొందిన పరీక్షను ఇక్కడ యథాతథంగా వాడితే దక్కేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించడం అవసరం. హెపటైటిస్-సి రోగుల చేతికి వచ్చే రిపోర్టుల్లో 'జీనోటైప్' అన్న మాట తరచు కనిపిస్తుంది. అది రోగి జన్యువు గురించి కాదు, వైరస్ రకం గురించి. తన జన్యువుల్లో ఏదో లోపం ఉందని, అది పిల్లలకూ వస్తుందని ఆ మాట చూసి ఎవరైనా భయపడితే, ఆ భయానికి ఆధారం లేదు.

హైదరాబాద్ దారిలో వచ్చిన మాత్ర

2013 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సోఫోస్బువిర్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. ఇంటర్‌ఫెరాన్ చేసే పని శరీరాన్ని వైరస్ మీదికి ఉసిగొల్పడం. సోఫోస్బువిర్ అలా కాదు. వైరస్ తన ప్రతులను తయారు చేసుకునే యంత్రాంగంలోకే నేరుగా చొరబడి దాన్ని ఆపేస్తుంది. రోగి శరీరం ఇంటర్‌ఫెరాన్‌కు ఎలా స్పందిస్తుందన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. డక్లాటస్విర్, వెల్పటస్విర్ వంటి మరో మందు జత కలిసేసరికి 12 వారాల్లో నూటికి 95 మందికి నయమయ్యే స్థితి వచ్చింది. 'సీ' ఉన్నా, 'టీ' ఉన్నా. నల్లవారైనా, తెల్లవారైనా.

జన్యువు తప్పుకున్న చోట ధర వచ్చి నిలబడింది. అమెరికాలో ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల సోఫోస్బువిర్‌కు 84 వేల డాలర్లు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశంలోనే పేదల ఆరోగ్య బీమా పథకాలు ఈ మందుకు రేషన్ పెట్టాయి. కాలేయం బాగా చెడిపోయినవారికే ఇస్తామని కొన్ని రాష్ట్రాలు, మద్యం, మాదకద్రవ్యాలు మానేస్తేనే ఇస్తామని కొన్ని రాష్ట్రాలు షరతులు విధించాయి. జన్యు పరీక్ష ప్రతికూలంగా వచ్చినా ఎవరికీ చికిత్స నిరాకరించని వ్యవస్థ, బిల్లు చూసి నిరాకరించింది.

ఆ ధరను కిందికి దించిన కథలో హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. మందు యజమాని అయిన గిలియడ్ సంస్థ 2014 సెప్టెంబరులో ఏడు భారతీయ జెనరిక్ కంపెనీలకు 91 దేశాల కోసం లైసెన్సులు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటిరో ఒకటి. అదే నగరానికి చెందిన నాట్కో మొదట మరో దారి పట్టింది. సోఫోస్బువిర్ పేటెంట్ దరఖాస్తునే వ్యతిరేకించింది. 2015 జనవరిలో పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి పునఃపరిశీలనకు పంపగా, చివరకు 2016 మేలో పేటెంట్ మంజూరైంది. ఈలోగా 2015 మార్చిలో నాట్కో కూడా లైసెన్సు తీసుకుంది. అదే నెలలో నేపాల్‌లో 28 మాత్రల సీసాను 19,900 రూపాయల గరిష్ఠ ధరకు విడుదల చేసింది. ఆస్ట్రేలియా నుంచి, ఐరోపా నుంచి రోగులు ఈ మాత్రల కోసం భారత్ వైపు చూసిన రోజులవి. 2022లో కుదిరిన ఒప్పందాల ప్రకారం హెటిరో, వయాట్రిస్ సంస్థలు పేద, మధ్యాదాయ దేశాల ప్రభుత్వ కార్యక్రమాలకు 12 వారాల పూర్తి చికిత్సను 60 డాలర్లకు అందించేందుకు ముందుకొచ్చాయి. 84 వేల నుంచి 60కి. ఔషధ చరిత్రలో ఇంతటి పతనం అరుదు.

పంజాబ్ నేర్పిన పాఠం

మందు చౌక కావడం ఒక ఎత్తు, దాన్ని ఊరి దాకా చేర్చడం మరో ఎత్తు. 2016 జూన్‌లో పంజాబ్ ప్రభుత్వం హెపటైటిస్-సికి ఉచిత చికిత్స ప్రారంభించింది. పెద్దాసుపత్రుల్లోని కాలేయ నిపుణుల కోసం రోగులు వేచి ఉండనక్కరలేకుండా, జిల్లా ఆసుపత్రుల్లోని సాధారణ వైద్యులకే చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు శిక్షణ ఇచ్చారు. సందేహాలను వీడియో సమావేశాల్లో తీర్చారు. సిర్రోసిస్ లేని రోగులకు వైరస్ రకం పరీక్ష కూడా అవసరం లేదని తీర్మానించారు. రోగి జన్యువు మాట ఎలాగూ లేదు. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 48 వేల మందికి పైగా చికిత్స పొందగా, నూటికి 91 మందికి పైగా నయమైంది. ప్రయోగశాలల పట్టుదలల మధ్య కాకుండా జిల్లా ఆసుపత్రుల రద్దీ మధ్య సాధించిన అంకె ఇది. 95కు నాలుగు తక్కువైనా విలువ ఎక్కువ.

2018 జులై 28న, ప్రపంచ హెపటైటిస్ దినం నాడు, కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం చాలావరకు ఇదే బాటలో నడుస్తోంది. పరీక్షలు, మందులు ఉచితం. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్బువిర్, డక్లాటస్విర్ 12 వారాలు. సిర్రోసిస్ ఉన్నవారికి సోఫోస్బువిర్, వెల్పటస్విర్. 2030 నాటికి హెపటైటిస్-సిని నిర్మూలించాలన్నది లక్ష్యం. ఈజిప్టు అంతకంటే వేగంగా వెళ్లింది. నీటిలోని నత్తల ద్వారా వ్యాపించే ఒక పరాన్నజీవి వ్యాధిని అరికట్టేందుకు దశాబ్దాలపాటు ప్రభుత్వమే వేయించిన సూదుల వల్ల ఆ దేశంలో హెపటైటిస్-సి విపరీతంగా వ్యాపించింది. 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో ఈజిప్టు దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించింది. 2023 అక్టోబరులో నిర్మూలన దిశగా 'గోల్డ్ టియర్' గుర్తింపును ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి పొందిన తొలి దేశమైంది. పొరుగున ఉన్న పాకిస్తాన్‌లో పరిస్థితి ఇందుకు భిన్నం. 88 లక్షల మంది రోగులతో హెపటైటిస్-సి విషయంలో ప్రపంచంలోనే మొదటి స్థానం ఆ దేశానిదే. అక్కడా ప్రధాన కారణం శుభ్రత లేని సూదులే.

పసరు మందు నీడలో

తెలుగు నాట కామెర్లు అనగానే పసరు గుర్తుకొస్తుంది. ఫలానా ఊళ్లో, ఫలానా కుటుంబం పరగడుపున ఇచ్చే పసరు, దానికి తగిన పథ్యం. హెపటైటిస్-ఏ, ఈ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కీర్తి పసరుకు దక్కుతుంది. హెపటైటిస్-సి దగ్గర ఈ లెక్క పనిచేయదు. అది చాలామందిలో కామెర్లుగా కనిపించనే కనిపించదు. కళ్లు పచ్చబడవు, ఆకలి మందగించదు, ఏళ్ల తరబడి మనిషి తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. పొట్టలో నీరు చేరినప్పుడో, రక్తపు వాంతి అయినప్పుడో ఆసుపత్రికి చేరితే, అప్పటికి జబ్బు వయసు 20 ఏళ్లు. అప్పుడూ వైరస్‌ను తొలగించవచ్చు. గట్టిపడిపోయిన కాలేయాన్ని పూర్తిగా వెనక్కి తేవడం మాత్రం సాధ్యం కాదు, క్యాన్సర్ కోసం జీవితాంతం నిఘా తప్పదు.

అందువల్ల లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్షించవలసినవారు కొందరున్నారు. డయాలసిస్ చేయించుకుంటున్నవారు, తలసేమియా వంటి జబ్బులతో పదేపదే రక్తం ఎక్కించుకున్నవారు, రక్తనిధుల్లో హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి కాకముందు రక్తం ఎక్కించుకున్నవారు, సూదులతో మాదకద్రవ్యాలు తీసుకున్నవారు. జ్వరం రాగానే సూది వేయించుకుంటే గాని తగ్గదన్న నమ్మకంతో ఒకప్పుడు ఆర్ఎంపీల చేత మరిగించిన గాజు సిరంజీలతో సూదులు వేయించుకున్న తరం కూడా ఈ జాబితాలోకి వస్తుంది. మూత్రపిండాలు చెడినవారికి సోఫోస్బువిర్ ఇవ్వవచ్చా అన్న సందేహం కొన్నేళ్లు ఉండేది. 2019లో అమెరికా నియంత్రణ సంస్థ ఆ పరిమితిని సడలించింది కాబట్టి డయాలసిస్ రోగులకూ ఇప్పుడు దారి ఉంది.

జన్యు పరీక్ష ఎక్కడ పనికొస్తుంది?

ఇంత చెప్పిన తర్వాత జన్యు పరీక్షలే వృథా అన్న అభిప్రాయం కలిగితే అది సరికాదు. మందుకు మనిషి స్పందన అతని జన్యువులో రాసి ఉండే సందర్భాలు నిజంగా ఉన్నాయి. వాటిలో ఒకటి తెలుగువారికి చాలా దగ్గరిది. ఆర్యవైశ్య సమాజంలో కొందరికి, శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం నిమిషాల్లో తగ్గవలసింది గంటలపాటు నిలిచిపోతుంది. ఊపిరి తీసుకునే కండరాలు కదలవు. బీసీహెచ్ఈ అనే జన్యువులోని ఒక మార్పు దీనికి కారణమని 2006లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ తదితరులు 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో ప్రచురించిన పత్రం, శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమాజాల్లో ఇటువంటి మార్పులు ఎలా పోగుపడతాయో వివరిస్తూ ఈ ఉదాహరణనే పేర్కొంది.

హెపటైటిస్ పరీక్షకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ సంగతి ముందే తెలిస్తే మత్తుమందు వైద్యుడు మరో మందు వాడతాడు. ప్రమాదం తప్పుతుంది. ప్రత్యామ్నాయం చేతిలో ఉన్నప్పుడు ముందస్తు సమాచారం ప్రాణం నిలుపుతుంది. ఐఎల్28బి కాలంలో లోపించింది అదే. ప్రత్యామ్నాయం వచ్చినప్పుడు అది అందరికీ పనిచేసేదిగా వచ్చింది, దాంతో ఎంపిక చేసే పనే లేకుండా పోయింది.

జీనోమ్ ఇండియా పథకం కింద 10 వేల మంది భారతీయుల జన్యుపటాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. సీసీఎంబీ కూడా ఇందులో భాగస్వామి. ఈ సంపద నుంచి రేపు అనేక పరీక్షలు పుట్టుకొస్తాయి. ఆ పరీక్షలను ప్రజాధనంతో కొనే ముందు, ఫలితం ప్రతికూలంగా వస్తే రోగికి ఇచ్చేందుకు మరో మందు ఉందా అని అధికారులు అడిగితే చాలా వృథా తగ్గుతుంది. ఆ ప్రశ్నకు జవాబు లేని పరీక్ష పరిశోధకుడికి ఉపయోగపడవచ్చు, ఆసుపత్రికి ఉపయోగపడదు.

హెపటైటిస్-సి విషయంలో ఇంకా జన్యు సమాచారం అక్కరకొచ్చే చోటు ఒకటి మిగిలి ఉంది. అది రోగి జన్యువు కాదు, వైరస్ జన్యువు. మూడో రకం వైరస్, దానితో పాటు సిర్రోసిస్ ఉండి, తొలి విడత మాత్రలతో నయం కానివారిలో వైరస్ మందుకు లొంగని రూపం దాల్చిందేమో చూడవలసి రావచ్చు. వీరు కొద్దిమందే. మిగతావారికి కావలసింది ఇంతకంటే చాలా సాదా పరీక్ష.

ఆ సాదా పరీక్షలోనే అసలు ఆటంకం ఉంది. మొదట వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి యాంటీబాడీల కోసం చూస్తారు. నిమిషాల్లో ఫలితం వస్తుంది. కాని అది వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే చెబుతుంది. వైరస్ దానంతట అదే పోయినవారికీ, చికిత్సతో నయమైనవారికీ కూడా అది పాజిటివ్‌గానే ఉంటుంది. వైరస్ ఇప్పుడు ఉందో లేదో తేల్చడానికి ఆర్ఎన్ఏ పరీక్ష అవసరం. దాని కోసం రోగి మరో రోజు, తరచు మరో ఊరు వెళ్లవలసి వస్తుంది. ఒంట్లో ఏ బాధా లేని మనిషి ఒక రోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, ఆ రెండో పరీక్షకు ఎందుకు వెళతాడు? చాలామంది వెళ్లరు. అందుకే మొదట తీసిన రక్త నమూనాతోనే రెండో పరీక్ష కూడా పూర్తి చేయాలని, వీలైతే రోగి కూర్చున్న చోటే యంత్రం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. క్షయ నిర్ధారణ కోసం దేశమంతటా జిల్లాల్లో నెలకొల్పిన జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ యంత్రాలు, తగిన కార్ట్రిడ్జ్ లేదా చిప్ మారిస్తే, ఈ పని కూడా చేయగలవు. చాలా ఆసుపత్రుల్లో ఆ యంత్రం ఒక గదిలో, హెపటైటిస్ రిజిస్టరు మరో గదిలో ఉంటాయి.